ఇరవై నాలుగు టోపీలు

ఓడరేవులో ఆవిడను అందరూ గొడుగక్క అంటారు. వాన ఉన్నా లేకపోయినా, ముడిచిన పసుపు గొడుగును తలకు పైన ఎత్తి పట్టుకుని నడవడం ఆవిడ ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి విహారనౌక వచ్చి ఆగుతుంది. ఆ గొడుగు వెనక ఇరవై నాలుగు మంది ఊరు చూడడానికి బయలుదేరతారు. సాయంత్రం నాలుగున్నరకు ఓడ మెట్లు ఎత్తేసేలోగా ఆ ఇరవై నాలుగు మందినీ తిరిగి ఎక్కించాలి. మిగతాదంతా, దీపస్తంభం ఎప్పుడు కట్టారో చెప్పడంతో సహా, ఆవిడ దృష్టిలో కాలక్షేపమే.

నిరుడు ఒకాయన చేపలు వేలం వేసే హాల్లో ఫొటోలు తీసుకుంటూ ఓడ అందుకోలేకపోయాడు. మళ్ళీ అలా జరిగితే మెడలో గైడు బిళ్ళ తీసి ఇచ్చేయాలని కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పారు. అప్పటినుంచి ప్రతి మలుపులోనూ లెక్కపెడుతోంది. ముఖాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబట్టి వాటి జోలికి పోదు. ఓడవాళ్ళు అందరికీ ఒకే రకం ఆకుపచ్చ టోపీలిస్తారు. గుంపు వెనక్కి వచ్చి టోపీలు లెక్కపెడుతుంది.

ఆ రోజు బయలుదేరే ముందు ఇంట్లో చిన్న మాటల యుద్ధం అయింది. భర్త ఓడరేవు క్రేను ఆపరేటరు. రిటైరై రెండు వారాలైంది. ఏం చేయాలో తోచక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు క్రేను మీద కూర్చుని నడుం పోగొట్టుకున్నాను. నీ పనే నయం, నడుస్తూ కబుర్లు చెప్పడం," అన్నాడు.

"దీపస్తంభం మెట్లు ఎక్కుతూ చెప్పి చూడండి, తెలుస్తుంది," అని ఆవిడ చెప్పులేసుకుంది.

ఓడ మోకులు అమ్మే తాళ్ళ వీధి దాటాక లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. దీపస్తంభం నూట పన్నెండు మెట్లూ దిగాక మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. చేపల హాలు బయటా అంతే. చివరగా రేవు గోడ పక్కన పాత క్రేను చూపించి, రోజూ చెప్పేదే చెప్పింది.

"ఆ పైన గదిలో ఒకే మనిషి ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. అక్కడ బాత్రూం లేదు. అందుకని పొద్దున అర కప్పు టీ మించి తాగేవాడు కాదు. ఒకసారి గాజు సామాన్ల పెట్టెను దించితే, కింద నిద్రపోతున్న కుక్క కూడా లేవలేదు."

అందరూ నవ్వారు. వెనక ఒక టోపీ మాత్రం కిందికి వంగింది.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా రేవు గేటు దగ్గర కాపలాదారు ఓడ కార్డులు చూశాడు. ఇరవై మూడు మంది లోపలికి వెళ్ళారు.

"అక్కా, ఈయన దగ్గర కార్డు లేదు," అన్నాడు. "అయినా ఈయన ముఖం నాకు కార్డు లేకుండానే తెలుసనుకో."

ఇరవై నాలుగో మనిషి టోపీ తీశాడు. కింద భర్త బట్టతల.

"మీకీ టోపీ ఎక్కడిది?" ఆవిడ గొంతు పెరగలేదు గానీ, చేతిలో గొడుగు కిందికి దిగింది.

"తాళ్ళ వీధిలో బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయి, దీపస్తంభం నేనెక్కలేను, నువ్వైనా పెట్టుకో నాయనా, తల మాడుతోంది అని ఇచ్చింది. తిరిగి అటే వస్తారుగా, అప్పుడు కలుస్తానంది."

"తిరిగి అటు రాం."

"ఆ సంగతి నాకేం తెలుసు?"

రోడ్డు మీద వెళ్ళి రావడానికి గంట పడుతుంది. ఉన్నది నలభై నిమిషాలు. ఆవిడ మెడలో బిళ్ళను పట్టుకుని నిలబడిపోయింది. భర్త అప్పటికే కాపలాదారు ఫోను అడిగి తీసుకుని, సామాన్ల బండి నడిపే పాత స్నేహితుడితో మాట్లాడుతున్నాడు. క్రేన్ల యార్డు లోంచి వెళ్తే తాళ్ళ వీధి గోడకి అవతలే.

"ఇది తీసుకెళ్ళండి," అని గొడుగు చేతికిచ్చింది. "టోపీ ఇచ్చింది కదా అని ఒక బట్టతలాయన బండెక్కమంటే ఆవిడ ఎక్కదు. దీన్ని చూస్తే ఎక్కుతుంది."

ఓడ మెట్ల దగ్గర అధికారి రెండుసార్లు వాచీ చూశాడు. "ఇరవై మూడు," అన్నాడు.

"ఇంకొకరు వస్తున్నారు," అంది. నాలుగు గంటల ఇరవై ఒకటికి కూడా అదే అంది.

ఇరవై నాలుగో నిమిషానికి యార్డు మలుపులో ముందు పసుపు గొడుగు కనబడింది. బండి మీద తాళ్ళ చుట్టల మధ్య పెద్దావిడ ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చుంది. వెనక నిలబడి భర్త గొడుగును చెయ్యి చాచినంత ఎత్తుకు పట్టుకున్నాడు. పెద్దావిడ మెట్లెక్కుతూ, టోపీ ఉంచుకోమని అతనికి సైగ చేసింది. అధికారి కాగితం మీద అంకె దిద్దాడు.

ఇంటికి నడుస్తూ ఆవిడ అడిగింది. "ఎందుకొచ్చారసలు?"

"తాళ్ళ కొట్టాయన చెప్పాడు, రోజూ జనానికి నా గురించి చెప్తావని. తిడుతున్నావేమో విందామని." టోపీతో విసురుకుంటూ, "ఎనభయ్యో మెట్టు దగ్గరే ఆయాసం వచ్చింది," అని ఒప్పుకున్నాడు. "ఇంకోటి. అది అర కప్పు కాదు, పావు కప్పు."

మర్నాడు ఆవిడ పావు కప్పనే చెప్పింది. ప్రతి మలుపులోనూ ముందుకొచ్చి, ఒక్కొక్క ముఖం చూస్తూ లెక్కపెట్టింది.