సూది ఆగే వేళ

శారదాంబ బొంత పైపొర కుట్టేటప్పుడు ముందు రంగు చూస్తుంది, బట్ట తరువాత. నేల మీద ముక్కలన్నీ పరిచి, పసుపు జాకెట్టు ముక్క పక్కన నీలం లంగా ముక్క పెడుతుంది. రెండు ఎర్రవి పక్కపక్కన పడ్డాయో, కుట్టిన కుట్టు విప్పేస్తుంది. బొగ్గు గని పక్కన సెంటినరీ కాలనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం గని సైరన్ మోగగానే సూది బొంతకు గుచ్చేసి, ముక్కల మీద దుప్పటి కప్పి కూర్చునేది. బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరేవి; మూత లేని గిన్నెల్లో పైకప్పు సున్నం రాలేది. అంతా సద్దుమణిగాకే మళ్లీ సూది పట్టేది. భర్త సదాశివ రిటైరయ్యాక, సగం కుట్టిన ఆ బొంతతోనే మంథనిలో కొడుకు ఇంటికి వచ్చింది. నిన్న మధ్యాహ్నం కుడుతూ కుడుతూ సూది గుచ్చేసి, ముక్కల మీద దుప్పటి కప్పింది.

"ఏమైంది అత్తమ్మా, దారం అయిపోయిందా?" అంది కోడలు అన్విత.

"ఆగు బిడ్డా, బ్లాస్టింగ్ అయినంక కుడుత."

"ఈడ బ్లాస్టింగ్ ఏడిది అత్తమ్మా!"

అన్వితకు నవ్వు ఆగలేదు. మామ కూడా నవ్వుతాడని అటు తిరిగింది. సదాశివ టీ గ్లాసు మీద అరచెయ్యి మూసి, పైకప్పు వైపు చూస్తున్నాడు.