పల్లావరం నల్లరాయి, ఆర్కాడు గులాబీ రాయి

తెలుగు నాకు ఇంటి భాషే గాని బడి భాష కాదు. రాత్రి కళాశాలకు పోతూ, తీరిక దొరికినప్పుడు స్వయంగా దిద్దుకున్న తెలుగు ఇది. తప్పులుంటే, ఒకే ప్రతిగా చేతులు మారే మన సంఘం లిఖిత పత్రిక పాఠకులు మన్నించాలి.

ఈ ప్రయాణానికి కారణం మా తోడల్లుడు శేషాచలం. నాకన్నా పన్నెండేళ్లు చిన్నవాడు. పగటి కళాశాలలో భూగర్భశాస్త్రం చదివి, అక్కడే డెమాన్‌స్ట్రేటరుగా ఉన్నాడు. అతని మెడలో నల్లదారానికి చిన్న భూతద్దం వేలాడుతూ ఉంటుంది. చింతాద్రిపేటలో మామగారింట్లో అతడు దాన్ని కంటికి ఆనించగానే అందరూ మాటలాపి చూస్తారు. నలభై దాటాక నేను పట్టా తెచ్చుకున్న రోజున కూడా నా వైపు ఎవరూ అంతసేపు చూడలేదు. కొత్త ఇంటి గుమ్మం మెట్టుకు ఏ రాయి వేయాలని మామగారు అడిగినప్పుడు, "పల్లావరం నల్లరాయి వేయండి మామా, అదీ గ్రానైటు కుటుంబమే" అన్నాడు శేషాచలం. "నల్లగా ఉన్నది గ్రానైటు ఎట్లా అవుతుంది?" అని అందరి ముందూ ఖండించాను. రుజువు తెస్తానని కూడా పలికాను.

ఆదివారం ఉదయం ఆరింటికి తొండియార్‌పేటలో బస్సెక్కి, బీచ్ స్టేషనులో కరెంటు రైలు పట్టుకున్నాను. ముప్పావుగంట పైచిలుకు ప్రయాణం. రానూపోనూ రెండు రూపాయలు దాటదు. పల్లావరం స్టేషను నుంచి క్వారీకి అరగంట నడక, దారిలో నీడ లేదు.

అక్కడ మంగమ్మ అనే పెద్దామె రుబ్బురోళ్లు చెక్కుతూ ఉంది. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆమె పక్కన స్థానిక నల్లరాయి, ఉత్తర ఆర్కాడు నుంచి లారీలో వచ్చిన గులాబీ గ్రానైటు పడి ఉన్నాయి.

"అమ్మా, ఈ రెండు శిలలూ భిన్న జాతులవే గదా?" అని అడిగాను.

"ఏంది సారూ, హరికథ చెప్పేటోడి మాదిరి మాట్లాడతా ఉండావు!" అని నవ్వి, సమ్మెట నా చేతిలో పెట్టింది. "ఈడ రాయి కొనేటోళ్లు ముందు ఒక దెబ్బ కొట్టాల. పైతోలు చూసి ఎవురూ బేరమాడరు."

నల్లరాయిని కొట్టాను. మూడో దెబ్బకు పెచ్చు లేచింది. ఆమె గులాబీ రాయినీ ఒక పెచ్చు లేపి, రెండింటి మీదా చెంబుతో నీళ్లు పోసింది. గులాబీ రాయిలో గులాబీ రంగు ఫెల్‌స్పార్, గాజుముక్కల వంటి క్వార్ట్జ్, మెరిసే నల్ల అభ్రకం రేకులు. నల్లరాయిలోనూ అదే ఫెల్‌స్పార్, అదే క్వార్ట్జ్. కాని నూనె పూసినట్టు నీలిజిగితో ఉన్నాయి. అభ్రకం బదులు హైపర్‌స్థీన్ అనే ముదురు ఖనిజం. గ్రానైటు కుటుంబానిదేనని గ్రంథాలయంలో చదివిన చార్నొకైటు ఇదే. చదివీ, రంగు చూసి మోసపోయాను.

"రెండూ ఒక తల్లి బిడ్డలే సారూ. ఇది పొయ్యికాడ శానాసేపు కూసోని నల్లబడె, అంతే."

శేషాచలం గెలిచాడు. నా ముఖం చూసి మంగమ్మ మళ్లీ అంది: "మెడలో అద్దం ఏసుకోని ఒకయ్య వచ్చిండె. ఆయనకు పెచ్చు లేసేదానికి ఎనిమిది దెబ్బలు పట్టె. నీకు మూడే."

బీచ్ స్టేషను దాకా ఆ లెక్కనే తలచుకుంటూ కూర్చున్నాను. ఓటమి పక్కన అంత తీపి దొరుకుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. అసూయ కూడా రాతికి పైతోలు వంటిదేనేమో; కొడితే లోపల శేషాచలానిదీ నాదీ ఒకే ఆశ, నలుగురూ తన వైపు చూడాలని. వెళ్లేవారు ఒక సీసా నీళ్లు అదనంగా తీసుకుపోండి. కొత్తగా పగిలిన ముఖాన్ని తడిపితేనే రాయి కనబడుతుంది.

ఈ సంచికను ముందుగా శేషాచలానికి ఇవ్వండి. రెండు పెచ్చులూ జత చేశాను, తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దవచ్చు. తరువాత ఎవరైనా చదవవచ్చు. మామగారికి మాత్రం ఎవరూ చదివి వినిపించకండి. ఓడినవాణ్ణి నేను గనుక ఆ మాట నేనే వెళ్లి చెప్పాలి. ఎనిమిది దెబ్బల మాట కూడా.