నాక్ అనే మాటకు నేనిచ్చిన అర్థం

మా పైవాటాలో కాపురమున్న ఆంధ్రా ఆయన గురించి మా వీధిలో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది, మగవాళ్ళు లేని వేళ చూసి తలుపు తట్టేవాడని. ఆ మాట పుట్టించింది నేను. అసలు జరిగింది ఇది.

తమిళనాడు హోసూరులో ఒక బండ్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించడం నా పని. నా భార్య ఇంట్లోనే పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంది. ఆయన మరో కంపెనీ ఆఫీసులో ఉద్యోగి. నా భార్యకూ ఆయనకూ ఒకటే పిచ్చి: ఏ మాట ఎక్కడ పుట్టిందని. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన, ఆయన భార్య, నా భార్య వసారాలో కాఫీ తాగుతూ ఉండేవాళ్ళు. ఆయన భార్య పూలు కట్టుకుంటూ వినేది. నా కళ్ళకు మాత్రం ఇద్దరే కనపడేవాళ్ళు.

ఒకరోజు పిల్లల పాఠంలో 'నాక్' అనే మాట వచ్చింది, తలుపు తట్టడమని. పలకని 'కె' అక్షరం ముందు ఎందుకని నా భార్య అడిగింది.

"ఒకప్పుడు పలికేవాళ్ళేనండి, క్నాక్ అని. వేలి కణుపు చెక్కకు తగిలితే వచ్చే చప్పుడే ఆ మాట. మన టకటక లాంటిదే" అన్నాడాయన.

ఆమె లేచి తలుపు మీద కొట్టి చెవి ఆనించింది. "క్న... క్న... అవునండీ, వినిపిస్తా ఉండాది!" ఇన్నేళ్ళ సంసారంలో నేను చెప్పిన దేనికీ ఆమె ముఖం అలా విచ్చుకోలేదు.

నేను ఉండబట్టలేక, "ఇంజన్ కూడా నాక్ అవుతాది" అన్నాను.

"ఎట్లా?" ఆమె నా వైపు తిరిగింది.

"మంట అందేలోపే మిగిలిన పెట్రోలు దానంతట అది అంటుకుంటే, లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడొస్తాది. బండి నాక్‌తా ఉండాదంటాం."

"నాకుతా ఉండాదా? దేన్ని?"

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను, పెదవులతో.

ఆయన అక్కడితో ఆగలేదు. క్రికెట్లో బాగా ఆడితే మంచి నాక్ అట, ఒకరిని తక్కువచేసి మాట్లాడినా నాకేనట, బండిని విడిభాగాలుగా పెట్టెల్లో పంపితే నాక్డ్ డౌన్ అట. ఆ పెట్టెలు కట్టేది మా ఫ్యాక్టరీలో! కనీసం ఆ ఒక్కటైనా నేను చెప్పాల్సింది. అదీ ఆయనే చెప్పేశాడు.

కొన్నాళ్ళకు, నేను అన్నం తింటుంటే నా భార్య సంబరంగా చెప్పింది: "మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చినప్పుడు ఆయన తలుపు తట్టినాడు. ఐర్లండ్‌లో ఊళ్ళ పేర్లలో నాక్ అంటే కొండంట! ఆ మాట పుట్టుకే వేరంట. వాళ్ళావిడ వెనకనే మెట్ల మీద నిలబడి, 'అయితే కృష్ణగిరి కూడా ఒక నాకే' అనింది. వాకిట్లో నిలబడే నవ్వుకున్నాం."

నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

మరునాడు బస్టాపు దగ్గర టీ కొట్లో ఒక స్నేహితుడు, "ఏం మామా, మొగం మాడ్చుకోని ఉండావు?" అన్నాడు.

"పైవాటాయన నేను లేనప్పుడు వచ్చి తలుపు తట్టినాడు."

అందులో ఒక్క అబద్ధం లేదు. కొండ సంగతీ, మెట్ల మీది ఆవిడ సంగతీ మింగేశాను, అంతే. "అట్లనా!" అంటూ అతను గ్లాసు కింద పెట్టాడు. నేను తాపీగా టీ తాగాను.

ఆ మాట ఇంటి ఓనరు దాకా పోయింది. బంధువులు దిగుతున్నారని చెప్పి ఓనరు వాళ్ళను ఖాళీ చేయించాడు. వాళ్ళు కృష్ణగిరిలో ఇల్లు తీసుకున్నారు; ఆయన రోజూ బస్సులో హోసూరుకు వచ్చి పోతున్నాడు. అసలు కారణం ఎవరి ద్వారానో తెలిసి, ఆయన భార్య ఫోన్ చేసి నా భార్య దగ్గర ఏడ్చింది.

తలుపు తట్టిన సంగతి తను చెప్పింది నాకొక్కడికే కాబట్టి, ఆ మాట ఎక్కడ పుట్టిందో నా భార్యకు తెలిసిపోయింది. నన్ను తిట్టలేదు. "యాడ చెప్పినారో ఆడనే పోయి సరిగ్గా చెప్పండి" అంది.

వెళ్ళాను. అదే కొట్లో, అదే మనుషుల ముందు మొత్తం చెప్పాను.

"కొండంట! తలుపు తట్టి కొండ గురించి చెప్పినాడంట!" ఒకడు నవ్వుతూ టీ ఒలకబోసుకున్నాడు. స్నేహితుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పెద్ద మనసుండేవాడివప్పా. ఇంటి మర్యాద కాపాడుకోవల్ల కదా. మాకు తెల్దా?"

"అది కాదప్పా, నేనే కుళ్ళుబోతుతనంతో..."

"ఇడువు మామా, ఇడువు."

నేను ఎంత చెబితే అంత జాలిగా చూశారు. ఆయన మీద పడిన మచ్చ పోలేదు సరికదా, నాకు మంచివాడనే పేరొచ్చింది. అందుకే ఇలా రాయాల్సి వచ్చింది: ఆయన ఏ తప్పూ చేయలేదు. నా భార్య కూడా చేయలేదు.

ఇప్పుడు ఆమె ఆదివారాలు కృష్ణగిరి బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళి వస్తుంది. నన్ను రమ్మనదు. తిరిగొచ్చాక వంట చేస్తూ తనలో తాను ఏదో మాట పలికి చూసుకుంటూ ఉంటుంది. అదేమిటని అడిగే ముఖం నాకు లేదు. ఇంత జరిగినా, ఆమె పలికే ఆ మాట ఆయనకు తెలిసి నాకు తెలియకపోవడం ఈరోజుకీ కడుపులో మండుతూనే ఉంది.