వేలిముద్ర పడని ఫోన్లు

ఏలూరులో మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఫోను భద్రత పాఠాలు మొదలుపెట్టినప్పుడు నలుగురూ మెచ్చుకుంటారనుకున్నాం. పంపిన మెసేజి మధ్యలో ఎవరూ చదవకుండా చూసుకోవడం, పేరూ నంబరూ బయటపడకుండా ఫిర్యాదు చేయడం, ఇవీ మా పాఠాలు. "దొంగలకి దారి చూపిస్తున్నారు" అన్నారు జనం. గది ఇచ్చినాయన వారం తిరక్కుండా తాళం వేసుకున్నాడు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక పెద్దాయన అందరి ముందూ, "దాచుకోవాల్సినంత పని మీకేముందమ్మా?" అని అడిగాడు. "ఓటేసే చోట అట్ట అడ్డం ఎందుకు పెడతారండీ?" అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అదొక లాభం.

పట్నంలో చోటు దొరక్క, ఆకివీడు దాటి కొల్లేటి పక్కనున్న ఒక పల్లెకి వెళ్లడం మొదలుపెట్టాను. ఆదివారం ప్రార్థన అయ్యాక రొయ్యల షెడ్డు ఆడవాళ్లు పద్నాలుగు మంది చర్చి వసారాలో కూర్చునేవారు. ఐసు నీళ్లలో రోజంతా రొయ్యలు వలిచీ వలిచీ వాళ్ల వేళ్లు అరిగిపోయాయి. ఫోను వాళ్ల వేలిముద్రని గుర్తుపట్టదు. అందుకని నంబరు తాళం పెట్టుకోమన్నాను. ఎవరి నంబరు వాళ్లదే, పక్కవాళ్లకి చెప్పొద్దని ప్రతి వారం పాడిన పాటే పాడాను. "అలాగేనండి" అని ఎంత మెత్తగా తలూపేవారో!

ఎండాకాలంలో ఒక ఫొటో అధికారులకి చేరింది. చేపల చెరువు మురుగు గొట్టంలోంచి తాగునీటి కాలవలో పడుతున్న ఫొటో. పంపినవాళ్ల పేరు లేదు. చెరువూ, రొయ్యల షెడ్డూ ఒకే ఆసామివి. ఆఫీసులో ఎవరో ఆ ఫొటో చూపిస్తే, షెడ్డు వెనకనుంచి తీశారని ఆయన చూడగానే పోల్చుకున్నాడు. ఆ ఆదివారం పాఠం మధ్యలో వచ్చి నిలబడ్డాడు.

"మేడంగారూ, ఇవన్నీ మీరే నేర్పారంట కదండీ. ఎవరో చెప్పండి. వాళ్లొక్కళ్లనే పని మాన్పిస్తాను."

"నాకు తెలీదండి. ఎవరికీ తెలియకుండా పంపడమే నేను నేర్పింది."

ఆయన ముందు వరసలో ఉన్నామె ముందు చెయ్యి చాపాడు. ఆమెకి ఫోను తెరిచి ఇవ్వక తప్పలేదు. ఫొటో అందులోనే ఉంది.

మెసేజి దానంతటదే చెరిగిపోయేలా పెట్టడం నేర్పాను గానీ, తీసిన ఫొటో ఫోనులో మిగిలిపోతుందని చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది. ఆమె ఒంటరిగా ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటోంది. షెడ్డు కూలి తప్ప వేరే ఆధారం లేదు.

ఆమె మాత్రం తొణకలేదు. "ఫోను నాదేనండి. తీసిందెవరో నాకేం తెలుసండీ? పనిలోకి దిగేటప్పుడు ఫోన్లన్నీ ఒకే బుట్టలో పడేస్తాం కదండీ. మా అందరికీ తాళం నంబరు కూడా ఒకటేనండి."

"అందరికీ ఒకటేంటి?"

"ఒకళ్లు మర్చిపోతే ఇంకొకళ్లు చెప్తారనండి."

ఆయన నమ్మలేదు. ఆ నంబరు అడిగి, పక్కామె ఫోను తీసుకుని నొక్కాడు. తెరుచుకుంది. ఇంకొకటి తీశాడు. అదీ తెరుచుకుంది. నాలుగోది తెరుచుకునేసరికి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పద్నాలుగు మందినీ మాన్పిస్తే మర్నాడు రొయ్యలు వలిచేదెవరు? ఆయన ఫోన్లు అరుగు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నాకు ముందు ఒళ్లు మండింది. ఇన్ని వారాలు గొంతు చించుకుంటే వీళ్లు చేసింది ఇదా! ఆ వెంటనే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అంత ధైర్యంగా నిలబడటం నేనెవరికీ నేర్పలేదు.

కొన్నాళ్లకి అధికారులు వచ్చి చూసి వెళ్లారు. గొట్టం తీసేశారు. తర్వాతి పాఠానికి వెళ్తే ముందు వరసలో ఆమే అడిగింది.

"ఏవండీ, ఇప్పుడు నంబర్లు మార్చుకోమంటారా?"

పాఠం ప్రకారమైతే మార్చుకోమనాలి. ఫొటో ఎవరు తీశారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఫొటోలు చెరిపేయడం ఎలాగో ఒక్కొక్కరికీ చూపించాను. తర్వాత నా ఫోను తీసి, దానికీ అదే నంబరు పెట్టుకున్నాను.