అమ్మ బోనెక్కిన రోజు

లా కాలేజీలో మూడేళ్ళు కూర్చోబెట్టి ఏం నేర్పారు మేడమ్ అని నా దగ్గర చేరే కొత్త జూనియర్లు వాపోతుంటారు. దావా ఏ కిటికీ దగ్గర దాఖలు చేయాలో నేర్పరు, కోర్టు గుమాస్తాతో ఎలా మసలుకోవాలో నేర్పరు, క్లయింటు ఏడుస్తుంటే ఎటు చూడాలో అసలే నేర్పరు అని నేనూ వాళ్ళతో కలిసి తిట్టి, నవ్వించి పంపేస్తాను. ఒక్కటి మాత్రం నాకు బ్రహ్మాండంగా నేర్పారు. అది వాళ్ళకు చెప్పను. అమ్మ పోయి రెండేళ్ళయింది, ఇప్పుడిక ఎవరికి చెప్పినా ఒకటే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది సికింద్రాబాద్‌లో ఒక సాయంకాలం కాలేజీ. చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు ఉత్తుత్తి కోర్టు పెట్టేవారు. సెమినార్ హాల్లో బల్లలన్నీ పక్కకు జరిపి, పాఠాలు చెప్పే పోడియాన్ని అడ్డం తిప్పితే అదే బోను. రిటైరైన జడ్జి గారొకరు వచ్చి పైన కూర్చునేవారు. లాయర్లం మేమే. సాక్షులు మాత్రం బయటివాళ్ళే ఉండాలని, అప్పుడే మాకు మనుషులను విచారించడం వస్తుందని మాకు పాఠం చెప్పే మేడమ్ పట్టుదల. అందుకని పిన్నులనూ బాబాయిలనూ పక్కింటివాళ్ళనూ బతిమాలి తెచ్చుకునేవాళ్ళం.

నాకు వచ్చింది మనోవర్తి కేసు. మొగుడు గెంటేస్తే పుట్టింట్లో తలదాచుకున్న భార్య తరఫు లాయర్ని నేను. భార్య వేషానికి ఒప్పుకున్న మా క్లాస్‌మేట్ వదిన ముందురోజు జ్వరమొచ్చి పడకేసింది. ఇక మిగిలింది అమ్మే. ఎవరికీ కాదని చెప్పడం ఆమెకు చేతనయ్యేది కాదు.

"గీ ముచ్చట్లన్ని నేనే చెప్పాల్నా? జెర సేపట్ల మర్సిపోతే ఎట్ల బిడ్డా?" అంది, నేను రాసిచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పుతూ.

"మర్చిపోతే నీకు తోచింది చెప్పు అమ్మా. ఉత్తుత్తిదే కదా" అన్నాను.

నాన్నది రైల్వే ఉద్యోగం, మెట్టుగూడలో క్వార్టర్. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు ఆయనే ఆటో పిలిచి మమ్మల్నిద్దరినీ ఎక్కించి, "మంచిగ ఏడ్వాలె, నవ్వితే కేసు పోతది" అని అమ్మను ఆటపట్టించాడు.

మన సాక్షిని మనం అడిగేటప్పుడు జవాబును ప్రశ్నలోనే పెట్టి అందించకూడదు. 'ఆయన నిన్ను కొట్టాడు కదా' అనకూడదు. 'ఏం జరిగింది' అని అడిగి, నోరు మూసుకుని వినాలి. ఆలోచిస్తే, అమ్మను నేను అప్పటిదాకా అలా అడిగిందే లేదు. తిన్నావు కదా, ఒంట్లో బాగానే ఉంది కదా, నిద్రపట్టింది కదా. మా ఇంట్లో ప్రశ్నలన్నీ జవాబులతో సహా వచ్చేవి.

"ఆ రోజు ఏం జరిగిందో కోర్టువారికి చెప్పండి" అన్నాను. కన్నతల్లిని 'అండి' అన్నందుకు వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

కాగితంలో ఉన్నది అమ్మ తడబడకుండా చెప్పింది. ఖర్చులకు పైసలిస్తలేడు, మాటకు మాట పెరిగింది, బయటికి నూకిండు. అక్కడితో అయిపోవాలి. నేనే ఊరికే ఉండలేక "తర్వాత?" అన్నాను.

"తర్వాత లోపట గొళ్ళెం పెట్టుకున్నడు. పిల్ల లోపట్నే ఉండిపాయె."

మేం అల్లుకున్న కేసులో పిల్ల లేదు.

"తొమ్మిది నెలల పిల్ల. ఆకలికి ఏడుస్తుంది, నాకు ఇనిపిస్తనే ఉంది. తలుపు కొట్టిన. గట్టిగ కొడ్తే పక్క క్వార్టరోళ్ళు ఇంటరని మెల్లగనే కొట్టిన. తియ్యలే. పాలొచ్చి జాకెట్టంత తడిసిపాయె. కొంగు కప్పుకొని మెట్ల మీద కూసున్న. పొద్దుమూకినంక తీసిండు."

హాల్లో అందరూ, అమ్మ ఎంత బాగా నటిస్తోందో అనుకున్నారు. మా అమ్మకు పుట్టింది నేనొక్కదాన్నే. ఇక ప్రశ్నలు లేవని చెప్పి కూర్చున్నాను.

అవతలి లాయర్ మా బ్యాచ్‌లో అందరికన్నా చురుకైనవాడు. పరీక్షల ముందు మా ఇంటికొచ్చి చదువుకుంటూ అమ్మ చేతి పూరీలు ఎన్నోసార్లు తిన్నాడు. అతనికి నేర్పిన పద్ధతి వేరు. ఎదుటి పక్షం సాక్షిని అడిగేటప్పుడు, అంటే క్రాస్ చేసేటప్పుడు, ప్రశ్నను చిన్న చిన్న ముక్కలు చేయాలి, అవును కాదు తప్ప మూడో మాటకు చోటివ్వకూడదు. అతను నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాడు, అతన్ని ఏమీ అనలేను.

"మెట్ల మీద కూర్చుంటే పక్కింటివాళ్ళు చూశారు కదా?"

"చూసిండ్రు. ఏందీ గిట్ల కూసున్నవని సుత అడిగిండ్రు."

"నిజం చెప్పారా?"

"లేదు. తాళంచెవి పోయిందని చెప్పిన."

"అంటే అబద్ధం చెప్పారు."

"అవును."

"పోలీసులకు గానీ, మీ అన్నదమ్ములకు గానీ చెప్పలేదు."

"చెప్పలే."

"తలుపు తీయగానే మీ అంతట మీరే లోపలికి వెళ్ళారు."

"అవును."

"అలాంటప్పుడు ఆయన మిమ్మల్ని వెళ్ళగొట్టినట్టు కాదు కదా?"

అమ్మ కాసేపు నిజంగానే ఆలోచించింది. "కాదు సారూ" అంది.

జడ్జి గారు నా వైపు తిరిగారు. "రీ-ఎగ్జామినేషన్ ఉందా అమ్మా?" క్రాస్‌లో చెడిపోయింది బాగుచేసుకోవడానికి మన సాక్షిని మళ్ళీ అడగొచ్చు, అదే రీ-ఎగ్జామినేషన్. ఒక్క ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. ఇలా ఎన్నిసార్లు జరిగింది? అమ్మ పోడియం అంచు రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తోంది. ఇంకా ఉంది, అడుగు అన్నట్టే చూస్తోంది. వెనక వరసలోంచి మేడమ్ వద్దన్నట్టు తల ఊపింది. మూడేళ్ళూ ఆమె మాకు నూరిపోసింది ఒకటే, జవాబు తెలియని ప్రశ్న బోనులో ఉన్న మనిషిని అడగొద్దని. నాకు జవాబు తెలియదు. తెలుసుకోవాలంటే భయమేసింది. ఆ భయానికి చదువు చక్కటి అడ్డుగా దొరికింది.

"లేదు, యువర్ ఆనర్" అన్నాను.

అమ్మ ఇంకొంచెంసేపు అక్కడే నిలబడింది. ఎవరో వచ్చి "దిగండి ఆంటీ, అయిపోయింది" అన్నారు.

ఆధారాలు లేవని జడ్జి గారు మనోవర్తి దరఖాస్తు కొట్టేశారు. అమ్మను మాత్రం తెగ మెచ్చుకున్నారు, ఉత్తమ సాక్షి అని స్టీలు క్యారియర్ ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడ ఆపాలో తెలిసిన లాయర్‌వి అని మేడమ్ నా భుజం తట్టింది. ప్రాక్టికల్స్‌లో నాకే ఎక్కువ మార్కులు వేశారు.

ఇంటికి తిరిగొస్తుంటే ఆలుగడ్డ బావి దగ్గర ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. అప్పుడు అడిగాను. "అమ్మా, గట్ల ఎన్నిసార్లయింది?"

అమ్మ క్యారియర్‌ను ఒళ్ళో సర్దుకుంది. "గక్కడ అడిగితే చెప్దును బిడ్డా. గక్కడైతే ఎవరో వేరేటామె మొగుడు. ఇంటికాడ మీ నాయిన గద" అంది. మళ్ళీ అడిగితే నా మోకాలి మీద చెయ్యి వేసి "ఇడిసిపెట్టు" అంది.

ఆ తర్వాత ఎన్నేళ్ళు కలిసి ఉన్నామో, ఎన్నిసార్లు అడిగానో, ఎప్పుడడిగినా ఆ ఒక్క మాటే. ఆసుపత్రిలో మాట పడిపోయే ముందు కూడా అంతే. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. పొద్దున్నే చాయ్ ఇచ్చి, నిద్రపట్టింది కదా అని అడుగుతాను. ఆయన తల ఊపుతాడు. నాకు ఆయన మీద కోపం రాదు, ప్రేమా రాదు, ఊరికే ఏడుపొస్తుంది.

ఆ సాయంత్రం మేం దిగేసరికి నాన్న గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. అమ్మ చేతిలోంచి క్యారియర్ అందుకుని, "ఏమైంది కేసు?" అని నవ్వుతూ అడిగాడు.

"కొట్టేసిండ్రు" అంది అమ్మ, చెప్పులు విడుస్తూ.

"అయ్యో, మన బిడ్డ వకీలై నిలబడినా గూడనా?" అన్నాడు నాన్న.

అమ్మ నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.