జాడ వదిలిన ఇంపి

మా ఊరు కోర్పివారాలో మంచు మీద స్కీలు సాగే జాడ ఒక్కటే ఉంటుంది. వెనుక నుంచి ఎవరైనా “జాడ!” అని కేకవేస్తే, ముందున్నవారు ఎంతటివారైనా పక్కకు తప్పుకొని మోకాటిలోతు మంచులో నిలబడాలి. ఇంపి లోహినివ నడక నేర్చిన ఏడాదే ఆ మర్యాదనూ నేర్చింది.

పద్దెనిమిదో ఏట ఆమె సరస్సు అవతలి ఇళ్లకు టపా చేరవేసే పనిలో కుదిరింది. రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లు, స్కీల మీద. అన్న తావెత్తి ముందే లేచి, ఎడమ స్కీ కాస్త లోతుగా దింపే తన నడకతో, ఆమె కోసం కొత్త మంచులో జాడ తొక్కేవాడు. తెల్లవారుజాము నీలి వెలుగులో ఆమె నడుస్తున్నట్టు కాక, ఎవరి కలలోనో తేలుతున్నట్టు ఉండేది. అతిశయోక్తులు నాకు గిట్టవు. కళ్లారా చూశాను కనుక ఈ ఒక్కదాన్ని కొట్టివేయలేను.

ఆరు శీతకాలాల తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్లింది. పది కిలోమీటర్ల పందెం; అర నిమిషానికొకరిని వదులుతారు, గడియారమే గెలుపు తేలుస్తుంది. కంచు పతకం ఖాయమనుకున్న ఆఖరి వంద మీటర్లలో, వెనుక నుంచి దూసుకొచ్చిన స్వీడిష్ అమ్మాయి “జాడ!” అని అరిచింది. ఇంపి తప్పుకుంది. అలా పోయిన రెండు సెకన్లతో గడియారం లెక్కలో పతకం మరొకరికి దక్కింది. ఆ పందెం నిబంధనలు నేను చదివాను: ముగింపు గీత దగ్గర ఎవరికీ జాడ వదలనక్కర్లేదు.

ఆమె తిరిగొచ్చి రైలు దిగగానే స్టేషన్‌లోనే తావెత్తి నిలదీశాడు. “ఆరేళ్లు తొక్కానే నీ జాడ! ఎవత్తో అరిస్తే ఇచ్చేస్తావా?”

“రూలు నాకు తెలుసన్నయ్యా. నా కాళ్లకి తెలీలేదు.”

“అయితే ఆ కాళ్లతోనే తొక్కుకో!”

అతని శ్రమ వృథా అయిన మాట నిజం. కానీ ఆనాటి నుంచి అతడు ఎవరికీ జాడ వదలలేదు. మా ఊళ్లో అది పతకం పోగొట్టుకోవడం కంటే పెద్ద తప్పు. ఇంపి మళ్లీ టపా సంచి తగిలించుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు తన జాడ తానే తొక్కుకుంది. అన్న ముందుంటే కేకవేసేది కాదు; చుట్టూ తిరిగి వెళ్లేది.

ఉద్యోగపు చివరి రోజున సరస్సంతా పాలవంటి పొగమంచు. నేను ఆమె వెనుకే వస్తున్నాను. ముందు తావెత్తి చేపల గాలాలతో మెల్లగా సాగుతున్నాడు.

“జాడ!” అంది ఇంపి.

అతడు ఆగాడు. వెనుదిరగలేదు. “ఉత్తరాలకి ఆలస్యమవుతోందా?”

“అవుతోందన్నయ్యా.”

తావెత్తి మంచులోకి దిగాడు. “టపా కాబట్టి సరిపోయింది. పందెమైతే వదిలేవాణ్ణి కాదు.”

“పందెమైతే నేనూ అడిగేదాన్ని కాదులే!”

మర్నాడు ఇంపి మోయవలసిన టపా లేదు. అయినా ఆమె గుమ్మం నుంచి సరస్సు దాకా కొత్త మంచులో ఒక జాడ పడి ఉంది. వంగి చూశాను. ఎడమ స్కీ లోతుగా దిగే నడక మా ఊళ్లో ఒక్కరిదే.