ఆరు దింపుళ్ళ దారి

మా మరిది ఆ కాగితాన్ని నడవలో పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టినాడు. ఊరికి ఇంకా కరెంటు రాని రోజులు. ఆయన పట్నంలో బడిపంతులు. దసరా సెలవులకని భార్యను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చినాడు. కుందుర్పి పక్కన మా ఊరు, ఊరి వెనక కొండ. కొండ కొసన గొర్రెల కాపరులు ఎప్పుడో కట్టుకున్న రాళ్ళగుడిసె ఒకటి ఉంది. ఇంటిల్లిపాదీ ఊరివైపు నుంచి ఎక్కి, ఆ గుడిసెలో సద్ది తిని, వెనకవైపు దిగి, కొండను చుట్టుకుని ఇంటికి రావాలని ఆయన ఆలోచన.

"పిల్లోళ్ళు కూడా నడిచేట్ల దారి గీసినా, చూడన్నా" అని మా ఆయనకు చూపించినాడు. మా ఆయనకు చదువు రాదు. అయినా తల ఊపినాడు. కాగితానికి తల ఊపడం మా ఇంట్లో అందరికీ వచ్చు.

నాకూ అప్పుడు అక్షరం రాదు. కానీ వారానికి రెండుసార్లు ఆ కొండకు కట్టెలకు పోయేది నేను. చెప్పుల్లేని నా కాళ్ళకు తెలియని బండ ఆ కొండమీద లేదు. నా కూతురికి అప్పుడు అయిదేళ్ళు. ముందటి నెలే చలిజ్వరం పడి లేచింది. ఆ బిడ్డ అంత దూరం నడవగలదా, నడుమ తాగను నీళ్ళు దొరుకుతాయా, నా దిగులంతా అదొక్కటే.

గడపలో నిలబడి, "వెనకపక్క దిగొద్దప్పా" అన్నాను. "ఎక్కేదానికి నాలుగు దింపుళ్ళు. ఆ పక్క దిగేదానికి ఆరు దింపుళ్ళు. యాడా నీడ లేదు. పైన దొన కూడా ఎండిపోయింటాది. ఈ ఏడు వానలు యాడ పడినాయి?"

దొన అంటే బండల నడుమ వాననీళ్ళు నిలిచే గుంట. దింపుడు అనేది కట్టెలు మోసే ఆడవాళ్ళ మాట. మోపు దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుకునేంత దూరం ఒక దింపుడు. మాకు మైళ్ళు తెలియవు. మెడ నరాలు చెప్పిందే దూరం.

మా అత్త చేతిలోని చేట కింద పడేసింది.

"ఓసి నీ నోట్లో మన్ను పడ! పిల్లోళ్ళను తీసుకుని కొండకు పోతామంటే దింపుడు దింపుడు అంటావేమే! పాడె ఏమన్నా మోస్తాండామా?"

ఆమెకు తెలిసిన దింపుడు వేరు. శ్మశానానికి పోయే దారిలో పాడెను దించి, పోయిన మనిషి చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు అది.

మరిది నవ్వినాడు. "దింపుళ్ళు కాదు వదినా, మైళ్ళు చెప్పు. రాసుకుంటా."

మైళ్ళు నాకు రావు. అంతటితో నా మాట అయిపోయింది. దొన ఎండిపోయిందన్న మాట ఎవరి చెవికీ ఎక్కనే లేదు. ఆయన కాగితం మీద ఇంకా ఏమో రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున్నే బయలుదేరినాము. నా తలమీద గంప. అందులో జొన్నరొట్టెలు, చిత్రాన్నం, చెనిక్కాయల పొడి, కూర్చునేదానికి రెండు కంబళ్ళు. నీళ్ళబిందె కూడా తీయబోతే, "పైన దొన ఉండంగా నీళ్ళు మోసేదెవరు వదినా!" అన్నాడు మరిది. మోసేది నేను. వద్దనేది ఆయన. సొరకాయ బుర్ర ఒకటి నింపి దొంగతనంగా కంబళి కింద పెట్టుకున్నాను.

మొదటి దింపుడు దగ్గర నేను ఆగలేదు. రెండోదాని దగ్గరా ఆగలేదు. ఆగి గంప దించితే ఆ మాట గుర్తొచ్చి మా అత్త మళ్ళీ తిట్లు ఎత్తుకుంటుందని, పళ్ళు బిగబట్టి నాలుగూ ఒక్క బిగిన ఎక్కినాను. నా కూతురు సగం కొండ నుంచి నా కొంగు పట్టుకునే నడిచింది.

రాళ్ళగుడిసె పక్కన దొన ఎండి, అడుగున మట్టి నెర్రెలిచ్చి ఉంది. దాంట్లో మేకపెంటికలు. అందరమూ చుట్టూ నిలబడి చూసినాము. మరిది జేబులోంచి కాగితం తీసి చూసినాడు.

"ఏమప్పా, ఆ కాగితంలో ఉండే నీళ్ళు ముంచుకుని తాగుదామా?" అన్నాను.

"నువ్వు నోరు ముయ్" అన్నాడు మా ఆయన.

రొట్టెలు గొంతు దిగలేదు. బుర్రలోని నీళ్ళు పిల్లలు ముగ్గురికీ పోసినాను, అయిపోయినాయి. "వెనక దిగితే కింద కుంట ఉండాది. దగ్గరే" అన్నాడు మరిది. మా ఆయన దానికీ తల ఊపి, "లెయ్, గంపెత్తుకో" అన్నాడు నాతో. నా కూతురు గుడిసె గోడకు ఆనుకుని, "అమ్మా, కండ్లు తిరుగుతాండాయి" అనింది. దాని పెదవులు పేలి తెల్లగా ఉన్నాయి.

ఎత్తుకోబోయిన గంపను బండమీద పడేసినాను.

"ఇది ఈడనే దింపుతాండా. కావల్సినోళ్ళు ఎత్తుకోండి."

బిడ్డను వీపున వేసుకుని వచ్చిన దారినే తిరిగినాను. మా ఆయన అరుస్తానే ఉన్నాడు. కొంత దూరం పోయినాక వెనక ఎవరో రొప్పుతున్న చప్పుడు. చూస్తే మా అత్త.

"ఈ పక్క ఎన్ని దింపుళ్ళన్నావే?"

"నాలుగు అత్తా."

"సరే, నడువు."

ప్రతి దింపుడు దగ్గరా బిడ్డను దించినాను. దించిన ప్రతిసారీ మా అత్త కొంగుతో దానికి విసిరింది. తప్పయిందని మాత్రం అనలేదు. కొండ కింద కపిలబావి దగ్గర ఎవరో ఎద్దులతో నీళ్ళు తోలుతున్నారు. కాలువలో మోకాళ్ళమీద కూర్చుని నా బిడ్డ దోసిలి మీద దోసిలి తాగింది.

మిగిలినవాళ్ళు పొద్దు మునిగే వేళకు వచ్చినారు. కుంట కూడా ఎండిపోయిందట. గంప మా ఆయన తలమీద ఉంది. మరిది భార్య నా పక్కకు వచ్చి గుసగుసగా, "ఆరు కాదక్కా, బావ తొమ్మిదిసార్లు దించినాడు" అనింది.

"దారి సరిగానే గీసినా. వానలే మోసం చేసినాయి" అని కాగితం మా ఆయన చేతిలో పెట్టినాడు మరిది. అందరూ అవునన్నారు.

నలభై దాటినాక నా కూతురే నాకు అక్షరాలు దిద్దించింది. కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో మా ఆయన పెట్టెలో ఆ కాగితం దొరికింది. దాచిపెట్టుకున్నాడు మహానుభావుడు. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క అక్షరమే పట్టుకున్నాను. అన్న, నేను: దారి. అమ్మ, పిల్లలు: నడక. దొన: నీళ్ళు. అన్నిటికన్నా కింద, వదిన: మోత.

మోత అంటే నా అరుపుల గురించి రాసినాడేమో అనుకున్నాను మొదట. కాదు. గంప.

కూతురి పెన్సిలు తీసుకుని 'నీళ్ళు' కొట్టేసినాను. గట్టిగా గీసేసరికి కాగితం చినిగింది. వెనకదారి గీత పక్కన 'ఆరు దింపుళ్ళు' అని రాసినాను. తొమ్మిది మా ఆయన మెడది. నా మెడకు ఆరే. చివరి అక్షరానికి ఒత్తు తప్పు పడింది. దిద్దలేదు.